బరంపురం వార్తకు ఇచ్ఛాపురం డేట్‌లైన్ ఎందుకు?

సంపాదకులు గారికి,

నమస్కారం.

నేను ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో పుట్టి పెరిగినవాణ్ని. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాక మా పేటలోని చిన్న గ్రంథాలయంలో ఆదివారం ఉదయం పూట పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పుతున్నాను. ఈ పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకుంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని, తెలుగు అక్షరం వాళ్ల కంటపడే చోట్లు చాలా తక్కువ: పెళ్లి శుభలేఖ, గుడి గోడ, తాతగారి పంచాంగం, ఆ పైన పొద్దున్నే వచ్చే దినపత్రిక. తెలుగు పాఠ్యపుస్తకాలు సరిహద్దు దాటి మా చేతికి అందడం కష్టం కనుక మా తరగతికి పత్రికే వాచకం. కాబట్టి వార్త తెలుసుకుని పక్కన పెట్టేసే పాఠకుల కన్నా, పత్రికలోని ప్రతి మాటకూ అర్థం చెప్పుకోవలసిన అవసరం మాకు ఎక్కువగా కలుగుతుంది. ఆ అవసరంలోంచి పుట్టిన విన్నపమే ఈ లేఖ.

కిందటి నెలలో ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి వార్తను పైకి చదువుతూ మధ్యలో ఆగిపోయింది. వార్త మా ఊరిదే. బరంపురంలో జరిగిన ఒక సభ గురించి. దాని మొదట్లో మాత్రం లావు అక్షరాలతో, సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న పొరుగూరి పేరు ‘ఇచ్ఛాపురం’ అని ఉంది. “మాస్టారూ, సభ మన ఊళ్లో జరిగితే ఇచ్ఛాపురం అని ఎందుకు వేశారు?” అని అడిగింది. దాన్ని డేట్‌లైన్ అంటారని, వార్త ఎక్కడి నుంచి రాసి పంపారో అది చెబుతుందని, జరిగిన చోటు వేరే కావచ్చునని వివరించాను. పిల్ల సమాధానపడింది గాని, పక్క బల్ల దగ్గర పత్రిక చదువుకుంటున్న పెద్దవాళ్లు ఇద్దరు తలెత్తి చూశారు. నలభై ఏళ్లుగా పత్రిక చదువుతున్న ఆ ఇద్దరూ మొదట కనిపించే ఊరి పేరు సంఘటన జరిగిన ఊరిదేనని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చారట. పత్రికలు వాడే మాటలను పత్రికలు పాఠకుడికి ఎన్నడూ చెప్పలేదని నాకు ఆ పూట బాగా తెలిసివచ్చింది.

డేట్‌లైన్ చిన్న విషయంగా కనిపించవచ్చు. తంతి (టెలిగ్రాఫ్) రాకముందు దూరప్రాంతాల వార్తలు ఉత్తరాల రూపంలోనే పత్రికలకు చేరేవి. ఉత్తరానికి తలమీద ఊరి పేరు, తేదీ ఉన్నట్టే వార్తకూ ఉండేవి; వార్త ఎన్ని రోజుల నాటిదో, ఎంత దూరం నుంచి వచ్చిందో పాఠకుడు దాన్ని చూసి అంచనా వేసుకునేవాడు. ఇప్పుడు తేదీ విలువ తగ్గింది గాని, ఊరి పేరు విలువ తగ్గలేదు. విలేకరి స్వయంగా ఆ చోట ఉండి చూసి రాశాడా, పొరుగూరిలో కూర్చుని ఫోనులో విని రాశాడా అన్నది పాఠకుడికి చెప్పగలిగిన ఒకే ఒక్క మాట అది. ఇచ్ఛాపురంలో ఉన్న విలేకరి బరంపురం సభ గురించి ఇచ్ఛాపురం డేట్‌లైన్‌తో రాస్తే అది నిజాయితీయే. బరంపురం రాకుండానే బరంపురం అని వేసుకోవడం కన్నా అదే మేలు. అయితే అటువంటప్పుడు మొదటి వాక్యంలోనే ‘ఒడిశాలోని బరంపురంలో’ అన్న మాట ఉండి తీరాలి. మూడో పేరా దాకా చదివితే తప్ప సంఘటన ఏ రాష్ట్రంలో జరిగిందో తెలియని వార్తలు మా ప్రాంతం గురించి తరచుగా వస్తున్నాయి.

ఊరి పేరు విషయంలో మా ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి. కోరాపుట్ జిల్లాలో జయపురం అనే పట్టణం ఉంది. దాన్ని ఇంగ్లీషులో రాసే అక్షరాలు రాజస్థాన్ రాజధాని జైపూర్ అక్షరాలకు దగ్గరగా ఉంటాయి. వార్తా సంస్థల నుంచి ఇంగ్లీషులో వచ్చిన వార్తను డెస్క్‌లో, అంటే పత్రికా కార్యాలయంలో వార్తలు దిద్దే విభాగంలో, హడావిడిగా తెలుగు చేసేటప్పుడు ఆ జయపురం జైపూర్ అయిపోతుంది. కొన్నేళ్ల కిందట ఒక పత్రికలో సరిగ్గా ఇలాగే జరిగి, జయపురం దగ్గర బస్సు బోల్తాపడిన వార్త ‘జైపూర్’ డేట్‌లైన్‌తో అచ్చయింది. మా వీధిలో ఒకావిడ అల్లుడు రాజస్థాన్‌లో పనిచేస్తున్నాడు. ఆవిడ మధ్యాహ్నం దాకా ముద్ద ముట్టకుండా ఫోన్లు చేయిస్తూ కూర్చుంది. అదే పేటలో, ఆ బస్సు తిరిగే దారిలోనే బంధువులున్న కుటుంబం ఒకటి ఆ వార్తను చూసి కూడా, ఎక్కడో రాజస్థాన్ సంగతి కదా అని పేజీ తిప్పేసింది. ఒక్క డేట్‌లైన్ తప్పితే భయపడనక్కరలేనివాళ్లు భయపడ్డారు, తెలుసుకోవలసినవాళ్లకు తెలియకుండా పోయింది.

మా ఊరి పేరుదీ అదే కథ. పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం పేరు బహరంపూర్. ఇంగ్లీషులో ఆ పేరుకూ మా ఊరి పేరుకూ పెద్ద తేడా ఉండదు. పైగా రెండూ లోక్‌సభ నియోజకవర్గాలే. ఎన్నికల ఫలితాలు వచ్చిన రోజు ఏది ఏ బరంపురమో తెలియక మా గ్రంథాలయంలో వాదులాటలు జరుగుతాయి. 1996లో పి.వి. నరసింహారావు గారు నంద్యాలతో పాటు గెలిచి తన దగ్గర ఉంచుకున్న స్థానం మా బరంపురమే. ఆ మాట చెబితే తెలుగునాట చాలామంది పెద్దలకు మా ఊరు వెంటనే గుర్తుకు వస్తుంది. ఒడియాలో మా ఊరు బ్రహ్మపుర. తెలుగులో తరతరాలుగా బరంపురం. పత్రికలో మాత్రం ఒకే రోజు ఒక పేజీలో బరంపురం, మరో పేజీలో బెర్హంపూర్, ఇంకో పేజీలో బ్రహ్మపూర్ కనిపిస్తాయి. పర్లాకిమిడి ఒక చోట పర్లాఖేముండి, ఇంకొక చోట పారలఖెముండి. గుణుపురం, ఛత్రపురం, నవరంగపురం కూడా ఇలాగే రూపాలు మార్చుకుంటూ ఉంటాయి.

దీనికి మందు పత్రికారంగంలోనే ఉంది. దాన్ని స్టైల్ బుక్ అంటారు. ఏ పేరు ఎలా రాయాలి, అంకెలు ఎక్కడ వాడాలి, ఏ పదవికి ఏ తెలుగు మాట వాడాలి అని పత్రిక తన కోసం తాను రాసి పెట్టుకునే నియమావళి అది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఊళ్ల పేర్లకు మీ దగ్గర అటువంటిది ఉందని పత్రిక చదువుతుంటేనే తెలుస్తుంది. రేపల్లె ఒక రోజు ఒక రకంగా, మరో రోజు మరో రకంగా కనిపించదు. సరిహద్దుకు ఇవతల ఉన్న పట్టణాలకు కూడా ఒక్క పుట కేటాయించి, తెలుగువాళ్లు పలికే రూపాన్ని ఖాయం చేసి, డేట్‌లైన్‌లో జిల్లా పేరు కూడా చేర్చాలని కోరుతున్నాను. ‘జయపురం (కోరాపుట్ జిల్లా)’ అని వేసినందువల్ల ఒక పంక్తికి మించి చోటు పట్టదు.

రెండో మాట ఎడిషన్. మా ఊరికి పత్రిక కట్టలు తెల్లవారుజామున ఇచ్ఛాపురం మీదుగా వస్తాయి. అచ్చయ్యే చోటికి మేము దూరంగా ఉన్నాము కనుక మాకు వచ్చేది మొదట ముద్రించే ప్రతి. దీన్ని పత్రికా కార్యాలయాల్లో డాక్ ఎడిషన్ అంటారు. టపాలో వెళ్లే ఎడిషన్ అన్నమాట. టపా బండ్లు పోయి వ్యాన్లు వచ్చినా పేరు నిలిచిపోయింది. దూరపు ఊళ్లకు పంపవలసిన పేజీలను రాత్రి తొందరగా ముగించి అచ్చుకు పంపుతారు. ఆ తర్వాత అందిన వార్తలతో పేజీలను మార్చి దగ్గరి ఊళ్లకు ముద్రిస్తారు. నగరానికి చేరేది చిట్టచివరి ఎడిషన్. ఈ సంగతి తెలియక మావాళ్లు ఎంత నొచ్చుకుంటారో చెప్పలేను. రాత్రి పొద్దుపోయాక ముగిసిన క్రికెట్ మ్యాచ్ ఫలితం మా ప్రతిలో ఉండదు. ఓట్ల లెక్కింపు సగంలో ఆగిపోయి ఉంటుంది. అదే రోజు విశాఖపట్నం నుంచి బంధువు ఫోను చేసి పత్రికలో చదివిన విషయం చెబితే, ఆ మాట తమ ప్రతిలో లేదని, సరిహద్దు అవతలివాళ్లం కాబట్టి తమకు పాత పత్రిక పంపుతున్నారని అనుకుంటారు. పేజీ అంచున ఏ ఎడిషనో, రాత్రి ఎన్ని గంటలకు ముగించారో చిన్న అక్షరాలతో వేస్తే ఈ అపోహ ఒక్క రోజులో పోతుంది.

పిల్లలకు ఈ సందర్భంలోనే డెడ్‌లైన్ గురించి చెప్పాను. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1864 ప్రాంతంలో, యుద్ధఖైదీలను ఉంచిన ఆండర్సన్‌విల్ శిబిరంలో ఒక గీత ఉండేది. ఆ గీత దాటిన ఖైదీని కాల్చివేసేవారు. ఆ గీత పేరే తర్వాతి కాలంలో పత్రికల్లో వార్త అందవలసిన ఆఖరి గడువుకు పేరైందని చెబుతారు. ఆ కథ విన్నాక డాక్ ఎడిషన్ ఎందుకు తొందరగా ముగుస్తుందో పిల్లలకు మళ్లీ చెప్పవలసిన పని లేకపోయింది.

ఎడిషన్‌తో ముడిపడిన మరొక చిక్కు జిల్లా అనుబంధం. ప్రధాన పత్రిక వెడల్పైన బ్రాడ్‌షీటు, జిల్లా పత్రిక అందులో సగం ఉండే టాబ్లాయిడ్. ఈ టాబ్లాయిడ్ అన్న పేరును లండన్‌లోని ఒక మందుల కంపెనీ 1884లో కుదించి చేసిన తన బిళ్లలకు వ్యాపార చిహ్నంగా నమోదు చేసుకుంది. కుదించినదేదైనా ఆ పేరుతో పిలవడం అలవాటై, చివరకు చిన్న పత్రికకు వచ్చి చేరింది. మా ఊరి తెలుగువాళ్ల వార్తలు చాలావరకు శ్రీకాకుళం జిల్లా అనుబంధంలో పడతాయి. పడినందుకు కృతజ్ఞులమే. కాని ఆ పేజీ శ్రీకాకుళం దాటి వెళ్లదు. మా ఊళ్లో తెలుగు బడి ఒకటి మూతపడబోతోందన్న వార్త వచ్చినప్పుడు, హైదరాబాదులో ఉన్న మా ఊరి పెద్ద ఒకరికి చెప్పి చదవమంటే, పత్రికంతా వెతికి అటువంటి వార్తే లేదన్నారు. మేము అబద్ధం చెప్పామని ఆయన అనుకోలేదు గాని, పత్రిక అంతటా ఒకటే అచ్చవుతుందని ఆయనా మేమూ అనుకున్నాము. సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లకు సంబంధించిన వార్త ఏదైనా రాష్ట్రమంతటికీ తెలియవలసినదైతే, దాన్ని అనుబంధంలోనే ఉంచకుండా ప్రధాన పత్రికలో రెండు పంక్తులైనా వేయవలసిందిగా ప్రార్థన.

వార్త ఎవరు రాస్తారు, శీర్షిక ఎవరు పెడతారు అన్నది తెలియకపోవడం వల్ల మా దగ్గర అన్యాయంగా మాట పడేది స్థానిక విలేకరి. చిన్న ఊళ్లలో రాసేవాళ్లలో చాలామంది జీతగాళ్లు కారు, కంట్రిబ్యూటర్లు, స్ట్రింగర్లు. అచ్చయిన పంక్తులను లెక్కగట్టి లైన్ అకౌంట్ కింద ఏదో కొంత ఇస్తారు. అతను రాసి పంపిన వార్తను (దాన్ని కాపీ అంటారు) డెస్క్‌లో సబ్ ఎడిటర్ దిద్దుతాడు, కుదిస్తాడు, శీర్షిక పెడతాడు. శీర్షికలో వాడిన మాట ఊరివాళ్లకు నొప్పి కలిగిస్తే, మర్నాడు టీ కొట్టు దగ్గర నిలదీయబడేది విలేకరి. ‘అది నేను పెట్టింది కాదండీ’ అంటే ఎవరూ నమ్మరు. పేరుతో వచ్చిన వార్త, అంటే బైలైన్ ఉన్నదైతే ఇక చెప్పనక్కరలేదు. శీర్షిక వేరొకరి పని అన్న ఒక్క సంగతి పాఠకులకు తెలిస్తే సరిహద్దు ఊళ్లలో ఆ కుర్రవాళ్లు కాస్త తలెత్తుకుని తిరుగుతారు.

సంపాదకీయం పత్రిక అభిప్రాయమని, దాని పక్కన పేరుతో వచ్చే వ్యాసం ఆ వ్యాసకర్త అభిప్రాయమని, మొదటి పేజీ వార్తలో అభిప్రాయం ఉండకూడదని పెద్దవాళ్లకు కొంతవరకు తెలుసు. తెలియనిది ప్రకటన సంగతి. పండుగ రోజుల్లో వచ్చే ‘ప్రత్యేక అనుబంధం’లో కాలేజీల గురించి, ఆసుపత్రుల గురించి వార్తల్లాగే శీర్షికలు పెట్టి, అదే అక్షరాలతో, అదే కాలమ్‌లలో రాస్తారు, మూలన ఎక్కడో ‘ప్రకటన’ అని ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ప్రకటన ప్రకటనగా విడిగా కనిపించాలని పత్రికల నడతను చూసే ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమాలు చెబుతున్నాయి. మా దగ్గర ఒక తండ్రి అటువంటి పేజీని వార్తగా నమ్మి, కొడుకును దూరాన ఉన్న కాలేజీలో చేర్పించి, కట్టిన రుసుం తిరిగి రాక చాలా ఇబ్బంది పడ్డాడు. తెలుగు చదవడం ఆయనకు వచ్చు. ఆ పేజీ వార్తో ప్రకటనో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ‘ప్రకటన’ అన్న మాటను శీర్షిక కన్నా పైన, చదవదగిన అక్షరాలతో వేయడం పత్రికకు కష్టమేమీ కాదు.

తప్పు దొర్లినప్పుడు వేసే మూడు మాటలను గురించి కూడా రాయాలి. సవరణ అంటే పత్రిక తన తప్పును తాను ఒప్పుకుని సరిదిద్దడం. వివరణ అంటే చెప్పినది తప్పు కాకపోయినా అపార్థానికి తావిచ్చింది కనుక విడమరచడం. ఖండన అంటే వార్తలో పేరు వచ్చినవాళ్లు అది నిజం కాదని పంపిన మాటను ప్రచురించడం. ఈ మూడింటినీ కలిపి అన్నిటికీ ‘వివరణ’ అని పేరు పెట్టడం ఈమధ్య పరిపాటి అయింది. అందువల్ల తప్పు ఎవరిదో పాఠకుడికి అంతుబట్టదు. మా గ్రంథాలయం గురించి ఒక పత్రికలో పొరపాటు వార్త వచ్చినప్పుడు మేము సవరణ కోరితే, మా పేరుతో ఖండన అచ్చయింది. చదివినవాళ్లు మేము ఏదో కప్పిపుచ్చుతున్నామని అనుకున్నారు. ఒక పదం మారినందుకు మా నిజాయితీ మీద మచ్చ పడింది.

ఆ సవరణ ఎవరికి పంపాలో తెలియక మేము వారం రోజులు తికమకపడిన మాట కూడా చెప్పాలి. చివరకు ఆఖరి పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాలతో ఉన్న పంక్తిలో ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు, సంపాదకుడి పేరు, అచ్చయిన చిరునామా కనబడ్డాయి. దాన్ని ఇంప్రింట్ అంటారు. ముద్రాపకుడి పేరు, అచ్చయిన చోటు పత్రిక మీద ఉండాలన్న నియమం 1867 నాటి చట్టంతో వచ్చింది. ఆ చట్టం స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. పత్రికను ఎవరు బాధ్యతగా నడుపుతున్నారో జనానికి చెప్పే పంక్తి అది. నా విద్యార్థులు ఇప్పుడు పత్రిక చేతికి రాగానే ముందు చివరి పేజీ అడుగు చదువుతారు.

ఇంగ్లీషు మాటలన్నిటికీ తెలుగు చేయమని నేను అడగడం లేదు. ‘పతాక శీర్షిక’, ‘ముఖచిత్రం’, ‘సంచిక’, ‘చందా’, ‘అచ్చుతప్పు’ వంటి మాటలు చక్కగా నాటుకున్నాయి, వాటిని వాడుదాం. డేట్‌లైన్, ఎడిషన్, డెస్క్ పత్రికలవాళ్ల నోట నలిగినవి, అవి అలాగే ఉండనిద్దాం. వార్త మొదటి పేరాలో ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అన్న ఆరు ప్రశ్నలకు జవాబు ఉండాలని చెబుతారు కదా. ఆ ఆరూ తెలుగులో ఎ, ఏ అక్షరాలతోనే మొదలవుతాయని మా పిల్లలు కనిపెట్టి ఎంతో సంబరపడ్డారు. అర్థం చెబితే చాలు, మాట ఏ భాష నుంచి వచ్చిందన్నది వాళ్లకు అడ్డు కాలేదు.

మాకు పొరుగున ఉన్న పర్లాకిమిడిలో గిడుగు వెంకట రామమూర్తి గారు పిల్లలకు పాఠాలు చెప్పారు. జనం మాట్లాడే భాషలోనే చదువు, రాత ఉండాలని పోరాడి, 1919లో ‘తెలుగు’ అన్న పత్రికను నడిపారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. 1940 జనవరి 15న, కన్నుమూయడానికి వారం ముందు, ‘ప్రజామిత్ర’ పత్రిక కార్యాలయంలో ఆయన చేసిన తుది విన్నపం పండితులతో పాటు పత్రికా సంపాదకులను కూడా ఉద్దేశించినదే. ఈనాడు పత్రికలన్నీ ఆయన కోరిన వాడుక భాషలోనే వస్తున్నాయి. ఆయన విడిచి వెళ్లిన నేల మీద మిగిలిపోయిన మేము, ఆ భాషలో వచ్చే పత్రికను ఆసరా చేసుకుని మా పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నాము.

కనుక వారానికి ఒక్కసారి, ఆదివారం నాడైతే మాకు మరీ మంచిది, సంపాదకీయ పుటలో అర కాలమ్ చోటిచ్చి, పత్రిక వాడే మాట ఒక్కొక్కటి తీసుకుని, మీ కార్యాలయంలో అది ఎలా అమలవుతుందో ఉదాహరణతో చెప్పించవలసిందిగా కోరుతున్నాను. ఆ పని డెస్క్‌లో పనిచేసేవాళ్లే చేయాలి. బయటి పండితులకన్నా రాత్రి పేజీ ముగించేవాళ్లకే ఆ సంగతి బాగా తెలుసు. మొదటి వారం డేట్‌లైన్‌తో మొదలుపెడితే మా తరగతి మీకు ఎంతో రుణపడి ఉంటుంది.

ఈ లేఖ పొడవైనదని ఎరుగుదును. చోటును బట్టి కుదించే హక్కు డెస్క్‌కు ఉందని పిల్లలకు నేనే చెప్పాను, ఏ పేరా తీసివేసినా బాధపడను. అడుగున ఉన్న ఊరి పేరును మాత్రం మేము పలికే రూపంలోనే, జిల్లా పేరుతో సహా, అలాగే అచ్చువేయవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బరంపురం (గంజాం జిల్లా), ఒడిశా